అప్‌డేట్: ఉబ్బిన సిజేరియన్ మచ్చ, కెలాయిడ్ కాదని తేలింది

సిజేరియన్ అయిన నాలుగు నెలలకు కుట్ల మచ్చ ఎర్రగా, తాడులా ఉబ్బి ఒకటే దురద పెడుతోందని, ఇది కెలాయిడేనా (గాయం హద్దు దాటి పెరిగే మచ్చ) అని టెన్షన్‌తో ఇక్కడ అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ థాంక్స్, ముఖ్యంగా "ముందు స్కిన్ డాక్టర్‌కి చూపించండి" అన్నవాళ్లకి.

చూపించాను. హైపర్‌ట్రోఫిక్ స్కార్, అంటే మందంగా ఉబ్బిన మచ్చ, అన్నారు. కెలాయిడ్ అయితే కోత హద్దు దాటి పక్క చర్మం మీదికి పాకుతుందట, నాది గీత మీదే ఉబ్బింది. ఇలాంటివి చాలావరకు మెల్లగా అణుగుతాయని చెప్పారు.

మీరు చెప్పినవాటిలో పనిచేసింది సిలికాన్ షీట్, అంటే మచ్చ మీద అంటించుకునే మెత్తటి పట్టీ. రోజుకు 12 గంటలకు పైగా, మూడు నెలలు పెట్టుకున్నాను. మొదటి నెల ఏ తేడా కనబడక విసుగొచ్చి మానేద్దామనుకున్నాను కూడా. స్నానం చేశాక చర్మం బాగా ఆరనిచ్చి అంటించండి, నేను తడి మీద అంటించి చెమటకాయలు తెచ్చుకున్నాను. దాంతోపాటు రోజూ ఐదు నిమిషాలు వేలితో మెల్లగా మర్దన. గాయం పూర్తిగా మానాకే ఇవన్నీ.

ఇప్పుడు పాపకి ఎనిమిదో నెల. దురద పోయింది, ఉబ్బు సగానికి పైగా తగ్గింది, ఎరుపు ఇంకా కాస్త ఉంది. మచ్చ అణగడానికి ఇచ్చే ఇంజెక్షన్ల దాకా వెళ్లలేదు.

విటమిన్ ఇ నూనె నాకు పడలేదు, దద్దుర్లొచ్చాయి. పాపను ఎత్తుకోవడం వల్లే ఉబ్బిందేమో అని కుమిలిపోయాను కానీ దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. మచ్చ పైన మొద్దుబారడం కూడా వేరే సంగతి: కోతలో సన్నటి నరాలు తెగడం వల్ల. అది ఇంకా అలాగే ఉంది.