ఉద్యోగుల సంతృప్తి సర్వేలో శాఖ పేరు అడగవచ్చా?

గ్రంథపాలకుడు:
మా విశ్వవిద్యాలయం ఉద్యోగుల సంతృప్తిని, పని వాతావరణాన్ని కొలవడానికి ఆన్‌లైన్ ప్రశ్నపత్రం పంపింది. పేరు అక్కరలేదట. కానీ శాఖ, హోదా, సర్వీసు ఎన్నేళ్లో రాయాలి. మా విభాగంలో నలుగురం. ఇరవై ఏళ్లు దాటినవాడిని నేనొక్కడినే. ఇక పేరు దాచి ప్రయోజనమేమిటి?

గణాంకి:
శాఖ పేరు లేకపోతే ఆ సర్వే ఎందుకూ పనికిరాదు. ఒక శాఖలో అందరూ ఐదుకు ఐదు వేసి, అంతే మంది ఉన్న పక్క శాఖలో అందరూ రెండు వేస్తే సగటు 3.5 వస్తుంది. చూడటానికి ఫరవాలేదనిపిస్తుంది, రెండు వేసినవారి గోడు మాత్రం ఎవరికీ తెలియదు. మీ భయానికి విరుగుడుంది. పదిమంది కంటే తక్కువున్న శాఖలను కలిపి ఫలితం ప్రకటించాలి.

గ్రంథపాలకుడు:
కలిపేది నివేదికలో. విడి జవాబులున్న అసలు పట్టిక పరిపాలన భవనంలోనే ఉంటుంది కదా? మూడేళ్ల కిందట పుస్తకాల కొనుగోలు జాప్యం గురించి ఇలాంటి పత్రంలోనే రాశాను. నెల తిరక్కుండా దూరపు పీజీ కేంద్రానికి బదిలీ చేశారు.

తులసికోట:
బదిలీలు అందరికీ వస్తాయి. దానికీ దీనికీ సంబంధముందని రుజువేమిటి?

గ్రంథపాలకుడు:
రోజుకు రెండే బస్సులు తిరిగే ఆ ఊళ్లో ఏడాదిన్నర పనిచేశానండీ. రుజువు కాగితం మీద ఎవరిస్తారు?

గణాంకి:
విద్యార్థుల సంతృప్తి సర్వేలో, ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ తానే నేరుగా విద్యార్థులకు మెయిల్ పంపుతుంది. ఉద్యోగుల సర్వేనూ అలాగే బయటి సంస్థకు అప్పగించాలి. అప్పుడు శాఖ పేరు రాయడానికి అభ్యంతరమేమిటి?

తరగతి గది 12:
రెండు రోజులుగా శాఖ గడి దగ్గరే ఆగిపోయారు. హోదా గడి చూశారా? అందులో ఒప్పంద అధ్యాపకుడు అన్న మాటే లేదు. నాకు లింకే రాలేదు. పన్నెండేళ్లుగా వారానికి 16 గంటలు పాఠం చెబుతున్నాను. ఏడో వేతన సవరణ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మూలవేతనం 57,700 రూపాయలు. నాకు అందులో సగం రాదు, వేసవిలో అదీ లేదు.

గణాంకి:
మీది వేతన సమస్య. సర్వే పని సంస్కృతి గురించి. రెండూ కలిపితే సగటు చెడిపోతుంది.

తరగతి గది 12:
సగటు చెడుతుందని మనుషులనే లెక్కలోంచి తీసేస్తారా? శాఖా సమావేశానికి నన్ను పిలవరు. అధ్యాపకుల గదిలో నాకు కుర్చీ లేదు. ఏడాదంతా నేను చెప్పిన పాఠానికి ప్రశ్నపత్రం మరొకరు తయారుచేస్తారు. ఇది వేతనమా, సంస్కృతా? చెప్పండి.

తులసికోట:
ఈ సర్వే రెగ్యులర్ ఉద్యోగులది. మీ గోడు మీ సంఘం చూసుకుంటుంది.

తరగతి గది 12:
అసలు మాట ఇప్పుడు బయటికొచ్చింది. మేము ఉద్యోగులమే కాదన్నమాట.

గ్రంథపాలకుడు:
తులసికోట గారూ, ఆ మాట తప్పు. నేనూ తప్పే చేశాను. మా విభాగంలో నలుగురం అని మొదట్లో రాశాను. పొరుగు సేవల పద్ధతిలో వచ్చి రోజంతా పుస్తకాలు సర్దే ఇద్దరిని లెక్కపెట్టలేదు. మేము ఆరుగురం.

గణాంకి:
గడి చేర్చాల్సిందే, ఒప్పుకుంటున్నాను. ఫలితం మాత్రం విడిగా ఇవ్వాలి.

తరగతి గది 12:
విడిగానే ఇవ్వండి, కానీ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన ఉండాలి. మా అందరికీ లింకు పంపమని ఈ వారమే రిజిస్ట్రార్‌కు వినతిపత్రం ఇస్తున్నాం. రెగ్యులర్ ఉద్యోగుల్లో ఎవరైనా సంతకం పెడతారా?

గ్రంథపాలకుడు:
నేను పెడతాను. పూర్తి పేరు, హోదా, విభాగంతో సహా.