టాప్ సెక్షన్‌కి వెళ్లాక మావాడు మారాడు. ఇది పట్టుదలా, పొగరా?

బెజవాడ అమ్మ:
మావాడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, హాస్టల్. కాలేజీ పేరు వద్దులెండి. దసరా ముందు మార్కుల్ని బట్టి సెక్షన్లు మారిస్తే వీడు పై సెక్షన్‌కి వెళ్లాడు. మా ఆడపడుచు కొడుకు అదే కాలేజీలో కింది సెక్షన్‌లోనే ఉండిపోయాడు. సెలవులకి ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. ఆ పిల్లాడు "బావా, మీ ఆదివారం టెస్ట్ పేపర్ ఒకసారి ఇస్తావా?" అంటే, మావాడు తలెత్తకుండా "అది మా సెక్షన్‌ది రా, నీకు అర్థం కాదులే" అన్నాడు. ఆ పిల్లాడు పులిహోర ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సీటు కొట్టాలని వీణ్ణి తరిమింది నేనే. తప్పంటారా? 2024లో ఐఐటీలన్నిట్లో కలిపి సీట్లు 17,740. వాటి ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌కే రెండున్నర లక్షల మందిని రానిస్తారు. పోటీ పడకపోతే ఎలా? కానీ ఆ "అర్థం కాదులే" నేను నేర్పలేదండీ. నేర్పానేమో, తెలీట్లేదు.

గుంటూరు కారం:
కష్టపడి పైకెళ్లాడు, పేపర్ ఎందుకివ్వాలి? ముందు పిల్లాడికి దిష్టి తీయండి.

పాత ఫిజిక్స్ మాస్టారు:
అమ్మా, ఆ మాట మీ అబ్బాయిది కాదు, మాది. పదకొండేళ్లు అలాంటి కాలేజీలో చెప్పాను. పై సెక్షన్ పేపర్లు కిందికి వెళ్లకూడదు, అది మేనేజ్‌మెంట్ రూలు. ఒకే రోజు పొద్దున పై సెక్షన్‌లో రొటేషన్ లెక్కలు గంటన్నర చేయిస్తాం, మధ్యాహ్నం కింది సెక్షన్‌లో ఫార్ములా రాసిచ్చి నాలుగు తేలికవి చేయించి వచ్చేస్తాం.

ఒకసారి ఉండబట్టలేక పొద్దుటి లెక్కే కింద అడిగాను. లోపల బోలు లేని బంతినీ రింగునీ ఒకే వాలు మీద దొర్లిస్తే ఏది ముందు దిగుతుంది? చివరి బెంచీ కుర్రాడు, "రింగు బరువంతా అంచునే ఉంది కద్సార్, తిరగడానికే దాని ఊపంతా అయిపోద్ది, బంతే ముందు" అన్నాడు. ఫార్ములా అడిగితే రాదన్నాడు. తర్వాతి షఫ్లింగ్‌లో కూడా వాడు పైకి రాలేదు. టెస్టులో వచ్చే మోడల్స్ వాడి సెక్షన్‌లో ఎవరూ చెప్పలేదు మరి. చెప్పని వాళ్లలో నేనూ ఉన్నాను.

నూజివీడు పూర్వ విద్యార్థి:
2013లో ట్రిపుల్ఐటీలో చేరాను. జడ్పీ హైస్కూలు వాణ్ణి కాబట్టి నా పదో తరగతి జీపీఏకి 0.4 కలిపారు. కాన్వెంట్ నుంచి వచ్చిన రూమ్మేట్ నన్ను "పాయింట్ ఫోర్" అని పిలిచేవాడు. ఒళ్లు మండేది, ఆ మంటతోనే చదివాను. అక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం. మొన్న ఫ్రెషర్ల రెజ్యూమేలు పంపితే కాలేజీ పేరు చూసి సగం పక్కన పడేశాను, ఒక్కటీ తెరవలేదు. టైమ్ లేదు కదా అనుకున్నా. రాత్రి అన్నం తింటుంటే "పాయింట్ ఫోర్" గుర్తొచ్చింది.

బెజవాడ అమ్మ:
మాస్టారూ, మీ బంతి లెక్క ఆదివారం ఫోన్లో మావాణ్ణి అడిగాను. రెండు బై ఐదు అంటూ ఫార్ములా గడగడా చెప్పాడు. ఎందుకలా అంటే "అది ఎగ్జామ్‌లో అడగరమ్మా" అన్నాడు. మా ఆడపడుచు కొడుకుని అడిగి చెప్పమన్నాను. సంక్రాంతికి ఆదివారం పేపర్లన్నీ తెమ్మన్నాను, రెండు సెట్లు జిరాక్స్ తీయిస్తా. రూలు సంగతి కాలేజీ వాళ్లతో నేను చూసుకుంటాను.