ఎవరెస్ట్ ఎత్తు తెలియాలంటే ఎక్కాల్సిందేనా? పిల్లల్ని పంపడం సరైనదేనా?

భద్రకాళి బండ్ (హన్మకొండ):
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ శిక్షణకు వెళ్ళొచ్చినప్పటి నుంచి ఎవరెస్ట్ మాటే. ఎందుకమ్మా అంటే, ఎక్కినవాళ్ళ వల్లే కదా దాని ఎత్తు తెలిసింది అంటోంది. అది నిజం కాదు. 1852లో బ్రిటిష్ వాళ్ళ సర్వేలో గణితం చూసే రాధానాథ్ సిక్దర్ కొండ మీద కాలు పెట్టకుండానే లెక్క తేల్చారు. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. హిల్లరీ, టెన్జింగ్ ఎక్కింది 1953లో. కొలతకు మనిషి పైకి వెళ్ళనక్కర లేనప్పుడు మిగిలింది పేరు కోసం ఎక్కడమే. దానికి పిల్లల ప్రాణాలు, అందులోనూ సర్కారు సొమ్ముతో, పణంగా పెట్టడం తప్పని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు చెప్పండి.

గొలుసు లెక్క (సర్వేయర్, కాజీపేట):
అన్నా, సగం ఒప్పుకుంటాను. ఆ సర్వే వాళ్ళను నేపాల్ లోపలికి రానివ్వలేదు కాబట్టి బిహార్ మైదానాల నుంచి, 160 కిలోమీటర్లకు పైగా దూరాన థియోడొలైట్ (కోణాలు కొలిచే దుర్భిణి పరికరం) పెట్టి చూశారు. ఇప్పుడు ఒప్పుకున్న 8,848.86 మీటర్లతో పోలిస్తే తేడా దాదాపు 9 మీటర్లే. ఆ లెక్క ముందు ఎవరైనా తలవంచాలి.

కానీ దూరం నుంచి చూడటంలో ఉన్న కష్టం మాకు రోజూ తెలుసు. మే నెలలో పొద్దున పది దాటాక ధర్మసాగర్ వైపు టోటల్ స్టేషన్ (ఇప్పటి సర్వే పరికరం) పెట్టి దూరంగా గుర్తుకు నిలబెట్టిన ప్రిజం చూడండి. పరికరం మట్టంగా ఉందని చూపే బబుల్ సరిగ్గా మధ్యలోనే ఉంటుంది, ప్రిజం మాత్రం అద్దంలో నిలవకుండా వణుకుతుంటుంది. నేల వేడికి గాలి పలచబడి వెలుగు వంగుతుంది. ఆ గాలి 160 కిలోమీటర్లు ఉంటే? సిక్దర్ అసలు తిప్పలు పడింది ఆ వంపును లెక్కలోంచి తీసేయడానికే. పైగా హిమాలయాల దగ్గర గుండు దారం కూడా నిటారుగా వేలాడదు, కొండల వైపు కాస్త గుంజుకుపోతుంది.

ఇంకో చిక్కు మంచు. కింద నుంచి కనిపించేది మంచు కొస, దాని కింద రాయి ఎక్కడ మొదలైందో కనిపించదు. 2005లో చైనా రాయి వరకే కొలిచి 8,844.43 అంది. నేపాల్ మంచుతో కలిపి 8,848 అంది. ఏళ్ళ తరబడి అదే పంచాయితీ. 2015 భూకంపం తర్వాత ఎత్తు మారిందేమోనన్న అనుమానం ఒకటి. అందుకే 2019 మే 22న నేపాల్ సర్వే అధికారి ఖిమ్ లాల్ గౌతమ్ బృందం శిఖరం మీద జీఎన్ఎస్ఎస్ రిసీవర్ (శాటిలైట్ల సాయంతో స్థానం, ఎత్తు చూసేది), మంచు మందం చూసే రాడార్ పెట్టి కొలిచింది. జనం రద్దీ లేకుండా తెల్లవారుజామున మూడింటికే పైకి చేరారు. చలికి ఆయన కాలి వేలు పోయింది. 2020 మేలో చైనా బృందం ఎక్కింది. ఆ డిసెంబర్ 8న రెండు దేశాలూ కలిసి 8,848.86 అని ప్రకటించాయి.

శాటిలైట్ ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి లెక్కేసింది కాదు. మన కాజీపేట స్టేషన్ పసుపు బోర్డు మీద రాసే లెక్కలోకి దాన్ని మార్చాలంటే కింద లెవెలింగ్ (నేల మీద అంచెలంచెలుగా ఎత్తు తేడాలు చూడటం), గురుత్వ కొలతలు చాలా కావాలి. ఆ కింది పనీ ప్రాణాలు తీసింది. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తుండగా జార్జ్ ఎవరెస్ట్ (ఆ శిఖరానికి ఈయన పేరే పెట్టారు) జట్టు జ్వరాల పాలైంది, కొందరు చనిపోయారు. ఆయన కోలుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా పోవాల్సి వచ్చింది. మన ములుగు, ఏటూరునాగారం అడవులూ ఆ రెండు నదుల నడుమవే.

కాబట్టి ఎక్కకుండా కొలవచ్చు, కానీ ఇంత కచ్చితంగా కాదు. ఇప్పుడైతే ఆ పని అయిపోయింది. ఈ రోజు ఎక్కేవాళ్ళు ఎత్తు కోసం ఎక్కడం లేదు. అక్కడ మీ మాటే నా మాట.

ఇందూరు టీచరమ్మ:
పేరు కోసం అని తేలిగ్గా తీసేయకండి. మా నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆనంద్ కుమార్ కూడా అదే జట్టు. పూర్ణ కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. ఆ తర్వాత మా తండాల్లో ఆడపిల్లను పదో తరగతితో ఆపేద్దామన్న తండ్రులతో మాట్లాడేటప్పుడు నేను ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది, ఆ అమ్మాయి పేరు ఒక్కటి చాలింది. దానికి వెల ఎలా కడతారు సార్?

భద్రకాళి బండ్:
మేడం, పూర్ణ మీద నాకు గౌరవం ఉంది. కానీ నేపాల్ వైపు నుంచి ఎక్కాలంటే 16 నిండాలి, అందుకే టిబెట్ వైపు నుంచి పంపారు. నిబంధన ఊరికే పెట్టలేదు కదా. ఆ పాప దిగివచ్చింది కాబట్టి పండగ చేసుకున్నాం. మన తెలుగువాడే, ఎంతో అనుభవమున్న పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు 2015లో దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు.

నల్లబంగారం (గోదావరిఖని):
ఎక్కేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు, మోసేవాళ్ళ సంగతేంటి? 2014 ఏప్రిల్ 18న, అదే సీజన్‌లో, నేపాల్ వైపు ఖుంబూ మంచుజారులో మంచు చరియ విరిగిపడి 16 మంది చనిపోయారు. అంతా నేపాలీ పనివాళ్ళు. ఇతరుల కోసం తాళ్ళు, సామాన్లు మోస్తూ అదే దారిలో పదేపదే తిరిగేది వాళ్ళు.

మా నాన్న బొగ్గు బాయి దిగేవాడు. షిఫ్టు మొదలవ్వకముందు సర్దార్ (గనిలో భద్రత చూసే పెద్ద) కర్రతో కప్పు తట్టి చూసేవాడు. చప్పుడు బోలుగా వస్తే ఎవరూ లోపలికి పోయేది లేదు, టార్గెట్ ఎంతున్నా సరే. కొండ మీద ఆ సర్దార్ ఎవరు? 8,000 మీటర్లు దాటితే అందే ఆక్సిజన్ మూడో వంతే. మెదడు వాస్తే తాను ప్రమాదంలో ఉన్నానని మనిషికే తెలియదు. 1996 మేలో ఎవరెస్ట్ మీద వెనక్కి తిరగాల్సిన వేళ దాటినా పైకే పోయారు, తుపాను పట్టుకుంది, ఎనిమిది మంది పోయారు. వెనక మంత్రుల సన్మానం, టీవీ వాళ్ళు ఎదురుచూస్తుంటే పదమూడేళ్ళ పిల్ల ‘నా వల్ల కాదు’ అనగలదా?

గొలుసు లెక్క:
తమ్ముడు చెప్పిందే నేను వెతుకుతున్న మాట. ఎక్కాలా వద్దా అన్నదాని కన్నా, ఆపే అధికారం ఎవరిదన్నదే నాకు ముఖ్యం. సర్కారు పంపితే, శిఖరం చేరకుండా తిరిగొచ్చిన పిల్లకూ అదే స్కాలర్‌షిప్, అదే సన్మానం ఉండాలి. అప్పుడు గానీ పిల్ల మీద టెన్షన్ తగ్గదు.

ఇందూరు టీచరమ్మ:
దీనికి నూటికి నూరు శాతం ఒప్పుకుంటాను. తల్లిదండ్రుల సంతకం కూడా లంబాడీలో, గోండిలో అన్నీ విడమరిచి చెప్పాకే తీసుకోవాలి. అయితే వయసు విషయంలో మాత్రం నేను 16 దగ్గరే ఉంటాను.

భద్రకాళి బండ్:
నేను 18 దగ్గర. మా అమ్మాయికి ముందు తక్కువ ఎత్తు శిఖరాలు, ఆ పైన చూద్దాం అని చెప్పాను, మొహం ముడుచుకుంది. వెనక్కి తిరగాల్సిన వేళ, షెర్పాల (కొండ మీద సామాన్లు మోసి దారి చూపేవాళ్ళ) బీమా రెండూ రాసి ఉన్న ఒప్పంద కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి. శిక్షణ ఇచ్చేవాళ్ళను అడగడానికి నాకు అది కావాలి.