వాడిన ఓఎల్‌టీ, ఓఎన్‌యూలను తిరిగి అమ్మే ముందు ఏయే పరీక్షలు చేయాలి?

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి)

అందరికీ నమస్కారం. మూతపడిన కేబుల్ నెట్‌వర్కుల నుంచి జీపాన్ (ఫైబర్ ఇంటర్నెట్ పద్ధతి) ఓఎల్‌టీలను (ఆపరేటరు వైపు ఉండే పెట్టెలు), వాటి మాడ్యూళ్లను (పోర్టుల్లో దూర్చే లేజరు భాగాలు), ఇళ్ల నుంచి వెనక్కి వచ్చిన ఓఎన్‌యూలను (ఇంట్లో ఫైబర్ కలిసే చిన్న పెట్టెలు) కొని పలమనేరు, పుత్తూరు వైపు చిన్న ఆపరేటర్లకు అమ్ముతుంటాను. ఇంతవరకు కరెంటు ఇచ్చి లైట్లు వెలిగితే చాలనే లెక్కన సాగింది. ఇప్పుడు ఒక ఆపరేటరు గారు ప్రతి పోర్టుకూ కాంతి పవర్ ఎంత వస్తున్నదో కాగితం మీద రాసిస్తేనే తీసుకుంటానంటున్నారు. నా దగ్గర ఫైబర్‌లోని కాంతిని కొలిచే మామూలు పవర్ మీటరు ఒక్కటే ఉంది. దానితో ఎంతవరకు నమ్మకంగా చెప్పవచ్చు?

జవాబు (చిత్తూరు)

ఓఎల్‌టీ పోర్టు కాంతిని ఎడతెగకుండా పంపుతుంది కనుక అక్కడ మీ మీటరే చాలండీ. దానిని 1490 నానోమీటర్లకు మార్చి కొలిస్తే, బీ ప్లస్ తరగతి మాడ్యూలుకు 1.5 నుంచి 5 డీబీఎం (కాంతి పవర్ కొలమానం), అంతకన్నా శక్తిగల సీ ప్లస్ మాడ్యూలుకు 3 నుంచి 7 డీబీఎం రావాలి. తక్కువ వస్తే వెంటనే మాడ్యూలును తప్పుపట్టకుండా, కనెక్టరు కొనను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో, నూగు రాలని గుడ్డతో తుడిచి మళ్లీ కొలవండి. నీలం కనెక్టరును ఆకుపచ్చదానితో కలిపినా నష్టం పెరిగి, మంచి మాడ్యూలు కూడా పాడైనదిలా కనిపిస్తుంది. ఈ కాంతి కంటికి కనిపించదు కాబట్టి పోర్టులోకి తొంగి చూడవద్దని మీ కుర్రవాళ్లకు గట్టిగా చెప్పండి.

జవాబు (శ్రీకాళహస్తి)

ఓఎన్‌యూల సంగతి వేరు. ఓఎన్‌యూ 1310 నానోమీటర్ల కాంతిని ఓఎల్‌టీ తనకు సమయం కేటాయించినప్పుడే, అదీ చిన్న చిన్న ముక్కలుగా పంపుతుంది. అందువల్ల విడిగా పెట్టి మీటరు తగిలిస్తే ఏమీ రాకపోవడమే సహజం. దానిని చూసి తుక్కులో వేయకండి. నిజానికి విడిగా ఉన్నప్పుడు కాంతి వస్తేనే భయపడాలి, ఎందుకంటే అలా ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఒక్క ఓఎన్‌యూ ఆ పోర్టు మీద ఉన్న అందరి కనెక్షన్లనూ పడగొట్టగలదు. మీ మీటరు ఆ దొంగను పట్టిస్తుంది.

అసలు పరీక్షకు ఒక ఓఎల్‌టీని అమ్మకుండా బల్ల మీదే ఉంచుకోవాలి. ఒక ఫైబరు కాంతిని ఎనిమిదిగా పంచే 1:8 స్ప్లిటరు సుమారు 10 డీబీ తగ్గించినా, పోర్టు నుంచి 3 డీబీఎం బయలుదేరితే ఓఎన్‌యూకు మైనస్ 7 అందుతుంది. బీ ప్లస్ ఓఎన్‌యూ తట్టుకోగల గరిష్ఠ హద్దు మైనస్ 8. కాబట్టి మధ్యలో అటెన్యుయేటరు (కాంతిని తగ్గించే పరికరం) తప్పనిసరి. దానిని క్రమంగా పెంచుతూ మైనస్ 27 దగ్గర కూడా ఓఎన్‌యూ రిజిస్టరై నిలబడుతున్నదా, డేటా నడిపితే ఎర్రర్ల లెక్క పెరుగుతున్నదా అన్నది చూడండి. ఓఎల్‌టీ రిసీవరు మంచిచెడ్డలు కూడా ఇలాగే తేలతాయి, ఉత్త మీటరుతో ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

ప్రశ్నించినవారు

చాలా ఉపయోగపడిందండీ. మాడ్యూలు తనంతట తాను చూపించే డీడీఎం అంకెలనే రాసిస్తే సరిపోదా?

జవాబు (చిత్తూరు)

సరిపోదు. ఆ అంకెల్లో 3 డీబీ వరకు తేడాను ప్రమాణమే అనుమతిస్తుంది, కనుక మీటరు అంకెనే రాయండి. డీడీఎంలో పనికొచ్చేది బయాస్ కరెంటు (లేజరును వెలిగించే కరెంటు): ఒకే రకం మాడ్యూళ్లలో ఒకటి అంతే పవర్‌కు మిగతావాటికన్నా బాగా ఎక్కువ కరెంటు లాగుతుంటే దాని లేజరు వయసైపోయినట్లు అనుమానించాలి. వేడికి కూడా బయాస్ పెరుగుతుంది కాబట్టి, మన రేణిగుంట ఎండలను దృష్టిలో పెట్టుకుని, పెట్టె మూత బిగించి కొన్ని గంటలు నడిపాకనే ఆ అంకె తీసుకుని పక్కన ఉష్ణోగ్రత కూడా రాయండి. కాగితం మీద సీరియల్ నంబరు ఉండాలి. పెట్టెలో మాత్రం పాత చందాదారుల వివరాలు, పాస్‌వర్డులు ఉండకూడదు.