జమీందారు మేడను స్టార్ హోటల్‌కు ఇవ్వొచ్చా? మీ మాట చెప్పండి

పడమటివాకిలి:
అందరికీ నమస్కారం. మాది చిత్తూరుకు దగ్గర్లో ఒక పల్లె. పేరు రాయను, గొడవ ఇంకా తెగలేదు. ఊరి నడిమధ్య పాత జమీందారుల మేడ ఉంది. ముందు పడసాల, నడుమ ఆకాశం కనపడే తొట్టి, చుట్టూ గదులు, పైన మిద్దె. ఇప్పుడు అందులో వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు. మూలగది కప్పు పోయిన వానాకాలం కూలింది. ఒక హోటల్ కంపెనీ 30 ఏళ్లకు లీజు కావాలని వారసుల్ని అడుగుతోంది. ఊరు రెండుగా చీలింది, మా ఇల్లు కూడా. మా నాయన వద్దంటాడు. నేను ఇవ్వమంటాను.

హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ చూసొచ్చాక నాకు ఈ ఆలోచన గట్టిపడింది. 1884లో పునాది వేసి, నిజాం కొలువులో పెద్ద నవాబు వికారుల్ ఉమ్రా తన కోసం కట్టించుకున్న ఇల్లు అది. కట్టేసరికి అప్పులు మిగిలాయి, చివరికి ఆరో నిజాం చేతికి పోయింది. కట్టించిన మనిషికే ఆ ఇంట్లో ఎక్కువ కాలం ఉండే రాత లేదు. నిజాం అతిథులకు విడిది అయింది, 1950ల తర్వాత దాదాపు మూతపడింది. తాజ్ వాళ్లు 2000 ప్రాంతంలో బాగుచేయడం మొదలుపెట్టి 2010 నవంబరులో హోటల్‌గా తెరిచారు. నిజాం కుటుంబం తరఫున ఎస్రా యువరాణి దగ్గరుండి చూసుకున్నారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఇప్పటికీ అక్కడే ఉంది. మా ఊరి మేడలో ఉన్న టేకు బల్ల పోయినేడు ఎవరో ఎత్తుకుపోయారు.

కోటవీధి అయ్యవారు:
నాయనా, ఫలక్‌నుమా లోపలికి ఎట్ల పోయినావు? టికెట్ ఎంత?

పడమటివాకిలి:
సార్, దాచేదేముంది. ఆఫీసు వాళ్ల పార్టీ. లెక్క కంపెనీ కట్టింది.

కోటవీధి అయ్యవారు:
అదీ సంగతి. నేను ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినాను. ఏటా పిల్లల్ని చంద్రగిరి రాజమహల్‌కు తోలుకుపోయేవాణ్ణి. పెనుగొండ తర్వాత విజయనగర రాజులకు అదే రాజధాని. మూడంతస్తుల మహల్, ఎక్కడా కలప వాడలేదు, అంతా రాయి, ఇటుక, సున్నం. 1639లో చెన్నపట్నం పుట్టిన కథ చెప్పాలంటే ఈ కోట పేరు రాక తప్పదు. నా పిల్లల్లో చెప్పుల్లేనివాళ్లు కూడా ఆ మెట్లు ఎక్కి పైనుంచి కొండ చూసినారు. పురావస్తు శాఖ చేతిలో ఉంది కాబట్టి ఎక్కగలిగినారు. అదే స్టార్ హోటల్ అయ్యుంటే గేటు దగ్గరే సెక్యూరిటీ వాడు "ఎవరి తాలూకు?" అని అడిగేవాడు.

గానుగసున్నం:
అయ్యవారూ, మీ మాట కాదనను. కానీ సర్కారు చేతిలో ఉన్నవన్నీ చంద్రగిరిలాగా లేవు. నేను 22 ఏళ్లుగా పాత ఇళ్లకు రిపేర్లు చేయిస్తున్నా. తమ్ముడూ, ఆ మూలగది ఎందుకు కూలిందో చూడకుండానే చెప్తా. అది మద్రాసు టెర్రస్ మిద్దె అయ్యుంటుంది. టేకు దంతెల మీద, అంటే సన్న దూలాల మీద, సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా పేర్చి, పైన ఇటుకముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొడతారు. కారుతోందని ఎవరో మహానుభావుడు దానిమీద సిమెంటు పూయించి ఉంటాడు. సున్నం తేమను పీల్చి మళ్లీ బయటికి వదుల్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీళ్లు లోపలే నిలిచి, గోడలో దూరి ఉండే దంతెల కొనలు మెల్లగా కుళ్లిపోతాయి. కింద నిలబడి చూస్తే ఏమీ కనపడదు. ఒక పెద్ద వానకు కిందికొస్తుంది.

పడమటివాకిలి:
అన్నా, అచ్చంగా అంతే. నాలుగేళ్ల కింద సిమెంటు వేయించారు.

గానుగసున్నం:
చెప్పలా. ఇంక హోటల్ సంగతికొస్తా. దాన్ని మళ్లీ నిలబెట్టాలంటే సున్నం నానబెట్టాలి, గానుగలో తిప్పాలి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపాలి, ఒక్కో పూత ఆరేదాకా చేతులు కట్టుకొని కూర్చోవాలి. అంత ఓపిక, అంత డబ్బు ఊరి చందాలతో వచ్చేది కాదు. హోటల్ వాళ్ల దగ్గర డబ్బుంటుంది. ఓపిక ఉంటుందో లేదో మాత్రం చెప్పలేను, వాళ్లకు సీజన్ లోపల తెరవాలనే టెన్షన్ ఉంటుంది.

ఇంకోటి. ఇట్లాంటి మేడల్లో స్నానాలగది ఇంటి వెనక ఉండేది. హోటల్ అంటే గదికో బాత్రూం. రెండడుగుల గోడల్లో పైపులకు కాలవలు కొడతారు, పై అంతస్తులో రోజంతా నీళ్లు. నేను చూసిన ఒక పాత బంగళాలో వానకంటే బాత్రూంలే ఎక్కువ చెడగొట్టాయి. లీజులో రాయాల్సింది అద్దె ఒక్కటే కాదు. ఏ గోడ ముట్టుకోకూడదో ముందు రాయండి.

బేగంపేట చిత్తూరోడు:
హోటల్ చేస్తే మేడ బతుకుతుందని గ్యారంటీ ఏమీ లేదు. హైదరాబాద్‌లోనే హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ చూడండి. 1915లో నిజామత్ జంగ్ కట్టించుకున్న ఇల్లు. తర్వాత రిట్జ్ హోటల్ అయింది, ఒకప్పుడు ఊళ్లో పెద్ద పేరు. 1990ల్లో మూతపడి ఏళ్ల తరబడి పాడుబడింది. బాగు చేయించాలని జనం హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. ఫలక్‌నుమా గురించి అందరూ చెప్తారు, దీని గురించి ఎవరూ చెప్పరు. 30 ఏళ్ల లీజు పదో ఏట నష్టాల్లో పడితే తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

రూమ్‌బాయ్:
నేను రాజస్థాన్‌లో ఒక ప్యాలెస్ హోటల్లో రెండేళ్లు చేశాను. గెస్టులకు ఏ గది చూపించినా "రాజావారు ఇక్కడే పడుకునేవారు" అని చెప్పమనేవాళ్లు. లెక్కేస్తే ఆ రాజు రోజుకో గదిలో పడుకున్నట్టు తేలింది. చరిత్ర నిలుస్తుందంటున్నారు కదా, ఆ చరిత్ర ఇట్లా ఉంటుంది సార్. జీతం మాత్రం టైముకు వచ్చేది.

కోటవీధి అయ్యవారు:
రూమ్‌బాయ్, నువ్వు నా క్లాసులో ఉండాల్సినవాడివి.

నాది ఒక్కటే మాట. జోధ్‌పూర్ ఉమైద్ భవన్ ఉంది. కరువులో జనానికి పని కల్పించాలని 1929లో మొదలుపెట్టి 1943 దాకా కట్టినారు. ఈరోజు అందులో ఒక భాగం హోటల్, ఒక భాగంలో రాజ కుటుంబం ఉంటుంది, ఒక భాగం మ్యూజియం. మామూలు మనిషి టికెట్ కొని మ్యూజియం చూసి రావచ్చు. ఇస్తే అట్లా ఇయ్యండి. తలుపు మొత్తం మూసేటట్టు ఉంటే వద్దు.

కింది వీధి:
అయ్యవారూ, పెద్దవారు, కోపం తెచ్చుకోవద్దు. నాదీ ఆ ఊరే. ఆ తలుపు ఎప్పుడు తెరిచి ఉండింది? మా అవ్వ ఆ పడసాల మెట్ల కింద చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడేది. లోపల తొట్టి ఎట్లుంటుందో ఆమెకు తెలీదు. శిస్తు కట్టలేని ఏడు మా తాత ఎద్దుల్ని ఆ ఇంటి ముందే కట్టేసుకున్నారు. ఆ మేడ ఇటుకల్లో మావాళ్ల చెమట ఉంది. ఇప్పుడు హోటల్ వచ్చి గేటు వేస్తే చరిత్ర పోతుందంటున్నారు. మాకు ఆ గేటు కొత్త కాదు సామీ. హోటలైతే మా పిల్లోళ్లకు ఇరవై ఉద్యోగాలైనా వస్తాయి.

కోటవీధి అయ్యవారు:
నీ మాటకు నా దగ్గర జవాబు లేదు నాయనా. చంద్రగిరి కోట గురించి చెప్పినంత సులువుగా ఆ మేడ గురించి చెప్పేసినాను. ఒప్పుకుంటా.

పడమటివాకిలి:
కింది వీధి అన్నా, మా నాయన ఎందుకు వద్దంటున్నాడో నిన్న రాత్రి చెప్పాడు. జాతర రోజు ఊరేగే గంగమ్మ సిరసుకు, అంటే అమ్మవారి తలకు, మొదటి హారతి మేడ తలవాకిట్లోనే. ఆ ఒక్కరోజు తలుపులు బార్లా తెరుస్తారు, తొట్టి చుట్టూ కూర్చోబెట్టి అందరికీ అంబలి పోస్తారు. "మిగతా 364 రోజులు నువ్వు లోపలికి పోయినావా?" అని నేనడిగితే, "ఆ ఒక్కరోజు పోయినాను కదరా" అన్నాడు.

కింది వీధి:
నిజమే. మా అవ్వ కాలంలో ఆ ఒక్కరోజు కూడా మాకు లేదు, అంబలి బయటికే వచ్చేది. మా నాయన కాలం నుంచి లోపలికి పోతున్నాం. ఊరికే రాలేదు అది. అది పోతే మాత్రం నేను ఒప్పుకోను.

తొట్టి ఇల్లు:
నేను ఆ ఇంటి మనవరాలిని. మూడు రోజులుగా చదువుతున్నా. రాయాలా వద్దా అని ఆగాను.

1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక మా తాతకు శిస్తు పోయింది, ఇల్లు మిగిలింది. ఆ పెద్ద రాజులకిచ్చినట్టు మాకు రాజభరణాలేమీ లేవు. పండక్కి సున్నం కొట్టించాలంటే ఒక ముక్క పొలం అమ్మేవారు. అట్లా పొలమంతా గోడలకు పోయింది. కింది వీధి అన్నా, మీ అవ్వ సంగతి చదివి సిగ్గేసింది. మా ఇంట్లో ఆ కథ ఎవరూ చెప్పలేదు. మా కథల్లో ఎద్దులు లేవు, ఏనుగు ఒక్కటే ఉండేది.

సిమెంటు వేయించింది మా నాన్నే. తెలీక.

హోటల్‌కు ఇవ్వడానికే మేం ముగ్గురం ఒప్పుకున్నాం, అది దాచను. కానీ ఈ చర్చ చూసి మూడు షరతులు రాసి పంపాను. తొట్టి గోడలు ముట్టుకోకూడదు. మధ్యలో వదిలేస్తే తాళం మూడు నెలల్లో మాకు రావాలి. జాతరకు తలుపులు ఊరందరికీ తెరవాలి, ఎవరికీ బయట అంబలి పోయకూడదు. మొదటి రెంటికీ వాళ్లు పేచీ పెట్టలేదు. మూడో దానికి వాళ్ల లాయరు తేదీ అడుగుతున్నాడు. ఏటా మారుతుందంటే, ఆ వారం రూములు ముందే బుక్ అయ్యుంటే ఏం చేయాలి, తేదీ లేకుండా లీజులో ఎట్లా రాస్తాం అంటున్నాడు.

గానుగసున్నం:
చాటింపు వేసిన రోజు నుంచి జాతర అయ్యేదాకా అని రాయించమ్మా. తేదీ ఎందుకు?

తొట్టి ఇల్లు:
అదీ చెప్పాను అన్నా. చాటింపు వేసేది ఎవరు, వాళ్ల పేరు కావాలి అన్నాడు.

కింది వీధి:
మా చిన్నాయన. డప్పు మా ఇంట్లోనే ఉంది. ఆ లాయర్ని ఒకసారి ఊరికి రమ్మను.