వన్యప్రాణుల కార్డుల ఆటలో అరుదైన జంతువుకు ఎక్కువ మార్కులు ఇవ్వవచ్చునా?

ప్రశ్న: సైన్సు టీచరు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. వేసవి సెలవుల తరువాత ఒక పిల్లవాడు వన్యప్రాణుల కార్డుల పెట్టె ఒకటి బడికి తెచ్చాడు. ఒక్కొక్క కార్డు మీద జంతువు బొమ్మ, దాని బరువు, వేగం, ఆయుర్దాయం, బలం అంకెల్లో ఉంటాయి. ఎవరి అంకె పెద్దదైతే వారు ఎదుటివారి కార్డును గెలుచుకుంటారు. ఆఫ్రికా చీతా ఎంత వేగంతో పరుగెత్తుతుందో తడుముకోకుండా చెప్పిన పిల్లలకు, మన ఊరి పక్కనే ఉప్పలపాడు చెరువులో పిల్లలను పెంచుకునే గూడబాతు పేరు తెలియలేదు. అందుకని మన రాష్ట్రపు ప్రాణులతో మేమే నలభై కార్డులు తయారు చేసుకుంటున్నాము. పులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కృష్ణజింక, అలుగు (పాంగోలిన్), బావురుపిల్లి, నక్షత్ర తాబేలు, కలివికోడి ఇప్పటికే సిద్ధమయ్యాయి.

చిక్కు మార్కుల దగ్గర వచ్చింది. బలాన్ని బట్టి ఇస్తే ప్రతిసారీ పులే గెలుస్తున్నది. రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క పొలుసూ గీసి అలుగు కార్డు తయారు చేసిన అమ్మాయి, మొదటి ఆటలోనే దానిని పోగొట్టుకుని, "అలుగుకు పళ్ళే ఉండవు కదండీ, అది దేనిలో గెలుస్తుంది?" అని అడిగింది. అంతరించిపోయే ప్రమాదం ఎంత ఎక్కువైతే అన్ని ఎక్కువ మార్కులు ఇచ్చి, అటువంటి కార్డులను తక్కువ సంఖ్యలో తయారు చేస్తే సబబుగా ఉంటుందా?

జవాబు 1: పక్షుల పరిశీలకుడు, విజయవాడ

టీచరు గారూ, మీ ప్రయత్నం ఎంతో సంతోషం కలిగించింది, కానీ ఆ చివరి ఆలోచనను దయచేసి విరమించుకోండి. అరుదైనది కాబట్టి దాని ధర ఎక్కువ అనే లెక్క దొంగ వేటగాళ్ళ లెక్క. నక్షత్ర తాబేలు వీపు మీది గీతలు అందంగా ఉండడమే దాని పాలిట శాపమైంది. పెంపుడు జంతువుల అక్రమ రవాణా ఎంతగా పెరిగిందంటే, 2019లో దానిని వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందమైన సైట్స్ మొదటి అనుబంధంలో చేర్చి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించవలసి వచ్చింది. నల్లమలలో ఉండే నీలిరంగు గుత్తి సాలీడుదీ అదే కథ. ఒక కార్డు కోసం పిల్లవాడు పన్నెండు కార్డులు ఇచ్చే ఆటలో వాడి మనసులో నాటుకునేది ఆ లెక్కే.

కలివికోడి కార్డు మీద మార్కులకు బదులు దాని కథ రాయించండి. 1900 తరువాత ఎవరికీ కనిపించక అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ అక్కడికి చేరగలిగింది, కలివి పొదల్లో రాత్రిపూట తిరిగే పిట్టను పేరుతో సహా ఎరిగిన స్థానికుల సాయంతోనే. ఆ పక్షి ఉనికి కోసం తెలుగుగంగ కాలువ దారిని సైతం మార్చారు.

జవాబు 2: రేపల్లె

నేను మడ అడవుల పక్కన పెరిగినవాడిని కనుక బావురుపిల్లి గురించి చెబుతాను. దాని కాలివేళ్ళ మధ్య కొంతమేర చర్మపు పొర ఉంటుంది. గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. పైబొచ్చు కింద తడి తగలనివ్వని దట్టమైన రెండవ బొచ్చు ఉంటుంది. నీటి అంచున కదలకుండా కూర్చుని, పంజాతో నీటిని మెల్లగా తట్టి, చేప పైకి రాగానే దూకుతుంది. ఇంత నేర్పున్నా కృష్ణా అభయారణ్యంలోని మడచెట్లు, చేపలున్న పాయలు లేకపోతే అది బతకలేదు. కాబట్టి చెట్లకు, నీటికి, ఆహారానికి కూడా కార్డులు చేయించండి. మడచెట్టు, చేప, ఉప్పునీటి పాయ మూడూ చేతిలో ఉన్నవారే బావురుపిల్లిని బల్ల మీద పెట్టాలి. ఎదుటివారు రొయ్యల చెరువు కార్డు వేస్తే మడచెట్టు పోతుంది, దాని వెనుకే పిల్లి కూడా వెళ్ళిపోతుంది. మా పిల్లలతో ఇలా ఆడించి చూశాను. చెట్టు కార్డును ఎవరూ మార్పిడికి ఇవ్వడం లేదు.

జవాబు 3: మంగళగిరి

ఒక చిన్న సూచన. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. రక్షణ స్థాయిని బట్టి ప్రాణులను చేర్చే జాబితాలు, అంటే షెడ్యూళ్ళు, ఆరు నుంచి నాలుగయ్యాయి కనుక పాత గైడ్లను చూసి షెడ్యూలు అంకెలు రాయకండి. రాష్ట్ర పక్షి కూడా 2018 నుంచి పాలపిట్ట కాదు, రామచిలుక. దానిని పంజరంలో పెంచడం నేరమన్న మాట ఆ కార్డు మీద తప్పక ఉండాలి.

జవాబు 4: జంతుశాస్త్ర విద్యార్థి, విజయవాడ

పోటీ పూర్తిగా తీసేస్తే పిల్లలు రెండో రోజుకే ఆట మానేస్తారని నా అభిప్రాయం. బలం అనే ఒక్క అంకెను తీసేసి, ప్రతి ప్రాణికీ దాని సొంత విద్యను రాయండి. అలుగు ఓడిపోవలసిన అవసరం లేదు. మన గోళ్ళలో ఉండే కెరాటిన్‌తోనే తయారైన పొలుసుల్లో ముడుచుకుపోతే, పులి వంటి జంతువుకు కూడా దానిని విప్పడం చాలా కష్టం. పళ్ళు లేకపోయినా, పక్కటెముకల చివరిదాకా రొమ్ములోకి సాగిన నాలుకతో చీమలను, చెదలను తింటుంది. అయితే ముడుచుకున్న అలుగును మనిషి చేతులతో ఎత్తి సంచిలో వేసుకుపోగలడు; అదీ ఆ కార్డు మీద ఉండాలి.

ప్రశ్న అడిగినవారి స్పందన:

అందరికీ కృతజ్ఞతలు. అన్ని ప్రాణులకూ సమానంగా కార్డులు ఉంచి, రేపల్లె వారు చెప్పిన నివాస కార్డులను, ప్రతి ప్రాణి విద్యనూ చేరుస్తున్నాము. అలుగు విషయం చదివి వినిపించగానే ఆ అమ్మాయి పాత కార్డును పక్కన పెట్టి, కొత్త అట్టముక్క తీసుకున్నది. ఈసారి నాలుకను ముందువైపు మొదలుపెట్టి, అంచు దాటించి, వెనుకవైపు దాకా గీస్తానంటున్నది.