సిమిలీ, మెటాఫర్ మా బాబుకి ఎలా చెప్పాలి?

మా బాబు తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. సిమిలీ (ఒకదాన్ని ఇంకోదానిలా ఉందని పోల్చడం), మెటాఫర్ (ఇదే అది అనేయడం), అలిటరేషన్ (పక్కపక్క పదాలు ఒకే శబ్దంతో మొదలవడం) నిర్వచనాలన్నీ అడిగితే గడగడా అప్పజెప్తాడు, కానీ పద్యం ఇచ్చి గుర్తుపట్టమంటే తేలిపోతాడు. మొన్న పరీక్షలో ‘ఐ లైక్ మ్యాంగోస్’ సిమిలీ అని రాసొచ్చాడు, లైక్ ఉంది కదమ్మా అంటాడు. ఇంకో వారంలో మళ్ళీ పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
వాడికి తెలుగులో అలంకారాలు ఉంటాయి కదండీ, అక్కడ మొదలుపెట్టండి. ‘ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది’, ఇది ఉపమాలంకారం. ఉపమేయం ముఖం, ఉపమానం చంద్రబింబం, సమానధర్మం అందం, ‘లా’ ఉపమావాచకం. ఇంగ్లిష్‌లో లైక్, యాజ్ చేసేది ఆ ‘లా’ పనే. పోలుస్తున్న రెండు వస్తువులూ ఏవో చూపించమనండి, మామిడిపండుని దేంతోనూ పోల్చలేదని వాడే చెప్తాడు. ‘లా’ లేకుండా ముఖమే చంద్రబింబం అనేస్తే రూపకం, మెటాఫర్ దాదాపు అదే.

జవాబు 2:
నేను ఇంగ్లిష్ టీచర్‌ని. అలిటరేషన్‌కి అక్షరం చూడొద్దు, శబ్దం వినాలి. నైఫ్ స్పెల్లింగ్ కే తో మొదలైనా నైస్‌తో కలుస్తుంది, ఫోన్ పీ తో మొదలైనా ఫాదర్‌తో కలుస్తుంది. పైకి చదివించండి, కళ్ళతో చదివితే దొరకదు.

అడిగినవారు:
ఇప్పుడే ముఖం, చంద్రబింబం చెప్పానండీ. ‘అయితే మా నాన్న పులి అంటే మెటాఫరా?’ అని వాడే అడిగాడు! చాలా థాంక్సండీ ఇద్దరికీ.